పింఛను సరే, పని మాటేమిటి?

పార్లమెంటులో వికలాంగుల సమస్య ప్రస్తావనకు వచ్చినప్పుడు పక్షభేదాలు ఉన్నట్టుండి మాయమవుతాయి. తాము చేసినదేమిటో అధికారపక్షం చెబుతుంది. ఇంకా చేయవలసినదేమిటో ప్రతిపక్షం చెబుతుంది. ఉభయులూ సానుభూతి ప్రకటిస్తారు. మంత్రిగారు పథకాల పట్టిక చదివి కూర్చుంటారు. ఏళ్ళ తరబడి విలేకరుల గ్యాలరీ నుంచి ఈ తంతు చూస్తున్న నాకు ఒక సంగతి స్పష్టమయింది. కలహం లేని చోట కదలిక కూడా ఉండదు. ఎవరూ కాదనని హక్కును అమలు జరిపి తీరాలని పట్టుబట్టేవారు కూడా ఎవరూ ఉండరు.

2016 డిసెంబరును గుర్తు చేసుకుందాం. పెద్దనోట్ల రద్దుపై చెలరేగిన రభసలో ఆ శీతాకాల సమావేశాలు చాలావరకు కొట్టుకుపోయాయి. ఆ గందరగోళం మధ్యనే 14వ తేదీన రాజ్యసభ, సమావేశాల చివరిరోజైన 16వ తేదీన లోక్‌సభ వికలాంగుల హక్కుల బిల్లును ఆమోదించాయి. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమలులోకి వచ్చింది. 1995 నాటి పాత చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించగా, కొత్తది ఇరవై ఒక్కటిని గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగాలలో రిజర్వేషను 3 శాతం నుంచి 4 శాతానికి పెరిగింది. 2014లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన ముసాయిదాలో అది 5 శాతమన్న సంగతి అప్పటికే చాలామంది మరచిపోయారు.

ఈ చట్టానికి రెండు చేతులున్నాయి. ఒకటి 34వ సెక్షను. ప్రభుత్వం తన ఉద్యోగాలలో ఇంత శాతం ఇచ్చి తీరాలని అది శాసిస్తుంది. రెండవది 35వ సెక్షను. ప్రయివేటు యజమానులు తమ సిబ్బందిలో కనీసం 5 శాతం వికలాంగులు ఉండేటట్లు చూచుకోవడానికి ప్రభుత్వాలు ప్రోత్సాహకాలు కల్పించాలని అది చెబుతుంది. అదీ తమ ఆర్థిక సామర్థ్యానికి, అభివృద్ధి పరిమితులకు లోబడి మాత్రమే. మొదటి చేతికి బలముంది గాని, అది అందించే ఉద్యోగాలు నానాటికీ తరిగిపోతున్నాయి. ఉద్యోగాలు పెరుగుతున్న చోటికి చాచవలసిన రెండవ చేయి పక్షవాతం వచ్చినట్లు పడివుంది. ఈ వారం నేను చర్చించదలచినది ఈ రెండవ చేయిని గురించే.

దీని మూలం మన రాజ్యాంగంలోనే ఉన్నదేమోనని ఒక్కొక్కసారి అనిపిస్తుంది. ఏడవ షెడ్యూలులో రాష్ట్రాల జాబితా తొమ్మిదవ అంశం 'రిలీఫ్ ఆఫ్ ది డిజేబుల్డ్ అండ్ అన్‌ఎంప్లాయబుల్' అంటుంది. వికలాంగుడిని, పనికి అర్హుడు కానివాడిని ఒకే గాటన కట్టి, ఇద్దరికీ ఇవ్వవలసినది సహాయమేనని నిర్ణయించిన వాక్యమది. దాన్ని రాసినవారికి దురుద్దేశం ఉన్నదని నేననను. అది ఆనాటి లోకం చూపు. కాని ఆ చూపు మారలేదనడానికి మన రెండు తెలుగు రాష్ట్రాల రాజకీయాలే సాక్ష్యం. తెలంగాణలో 2023 జూలై నుంచి వికలాంగుల పింఛను 4,016 రూపాయలయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 6,000 రూపాయలయింది. ఈ పెంపులను తప్పుపట్టేవాడెవడూ లేడు. ఆకలి వాయిదాకు ఆగదు. అయితే పింఛను అంకెలో పార్టీలు ఒకదానితో ఒకటి వేలంపాట పాడుతున్నాయి గాని, మేము వస్తే ఇంతమంది వికలాంగులకు ఫలానా పరిశ్రమలో పని ఇప్పిస్తామని ఏ పార్టీ అయినా వేలం పాడిందా?

దేశవ్యాప్త గణాంకాలు ఏం చెబుతున్నాయో చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. 2018 జూలై నుంచి డిసెంబరు వరకు జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడతలో తేలినదేమంటే, పదిహేనేళ్ళు దాటిన వికలాంగులలో పనిచేస్తున్నవారు గాని పనికోసం చూస్తున్నవారు గాని 23.8 శాతమే. అదేకాలంలో మొత్తం జనాభాలో ఈ నిష్పత్తి సుమారు సగం. పదిహేనేళ్ళు దాటిన వికలాంగులలో పదవ తరగతి గాని అంతకు మించిన చదువు గాని ఉన్నవారు 19.3 శాతం మాత్రమే. అంటే నూటికి డెబ్బయి ఆరుగురు నిరుద్యోగుల లెక్కలోకి కూడా రారు. పని అడిగి లేదనిపించుకున్నవాడు నిరుద్యోగి. అడగడమే మానుకున్నవాడు ఏ పట్టికలోనూ ఉండడు.

ఈ సమస్యను ఢిల్లీలో కాగితాల మీద చూడడం కన్న పనిచోట చూడడం మంచిది. అందుకు సూరత్‌ను మించిన నగరం లేదు. అక్కడ మనవారు ఉన్నారన్నది ఒక కారణం. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరతరాలుగా వలసవెళ్ళిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధనా పరిసరాలలో మరమగ్గాలను నమ్ముకుని జీవిస్తున్నాయి. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమానికీ చోటున్నదంటే మనవారి సంఖ్యను ఊహించవచ్చును. అదిగాక, శ్రామికుల కోసం ఎదురుచూచే పరిశ్రమలు రెండు అక్కడ పక్కపక్కన ఉన్నాయి. ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో పదింట తొమ్మిది ఆ నగరం చేతులమీదుగానే వెళతాయని చెబుతారు. కృత్రిమ నూలు వస్త్రాలకూ అదే కేంద్రం.

గడచిన శీతాకాలంలో పనిమీద సూరత్ వెళ్ళినప్పుడు ఆల్థాన్‌లో రెండు రోజులున్నాను. నగరానికి నైరుతి దిక్కున ఉన్న పేట అది. ఒకవైపు బమ్రోలి, పాండేసరా పారిశ్రామికవాడలు. మరొకవైపు భీమ్రాడ్ దాటగానే ఖజోద్‌లో 2023 డిసెంబరు 17న ప్రధానమంత్రి ప్రారంభించిన వజ్రాల బోర్స్. 67 లక్షల చదరపు అడుగుల ఆ భవన సముదాయం విస్తీర్ణంలో అమెరికా రక్షణశాఖ పెంటగన్‌ను మించిపోయింది. వజ్రాల కార్మికులుండే సర్థాణా, కపోద్రాల నుంచి ఈ బోర్స్ ఉన్న డ్రీమ్ సిటీ వరకు 21.61 కిలోమీటర్ల మెట్రో మార్గానికి 2021 జనవరి 18న శంకుస్థాపన జరిగింది. ఆ మార్గంలో ఆల్థాన్ పేరిటనే రెండు స్టేషన్లున్నాయి. వాటి తరువాత వచ్చే స్టేషన్లలో ఒకదానికి మహిళా ఐ.టి.ఐ. పేరు పెట్టారు. పని, శిక్షణ, ప్రయాణం మూడూ ఒకే దారిమీద కూడిన చోటు దేశంలో మరెన్ని ఉంటాయి? కావలసినది ఆ మూడింటినీ కలిపే ముడి ఒక్కటే.

వజ్రాల పనిని కొంచెం నిదానించి పరిశీలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ముడిరాయిని యంత్రంలో ఉంచి లోపలి మచ్చలను, పగుళ్ళను పటం గీయిస్తారు. ఏ ఆకారంలో కోస్తే ఎక్కువ విలువ వస్తుందో కంప్యూటరు తెరమీద నిర్ణయిస్తారు. లేజరుతో కోస్తారు. తిరిగే పళ్ళెం మీద ముఖాలు తీరుస్తారు. చివరకు రంగును బట్టి, స్వచ్ఛతను బట్టి ఏరి వేరు చేస్తారు. వీటిలో దాదాపు ప్రతి పనీ కూర్చుని చేసేదే. కన్ను, వేలికొన, ఓపిక కావాలి. చెవితో గాని కాలితో గాని ఈ పనులకు అవసరం బహు తక్కువ. వినికిడి లేనివానికి, నడవలేనివానికి ఇంతకన్న అనువైన పరిశ్రమను కోరి నిర్మించినా నిర్మించలేము. అంధులకు ఇందులో చోటు లేదన్నది నిజమే. వారికి వేరే పరిశ్రమలున్నాయి. ఏ వైకల్యానికి ఏ పని అనుకూలమో విడివిడిగా చూడకుండా అందరినీ ఒక ముద్దగా చూడడమే మన పథకాల మొదటి దోషం.

ఆల్థాన్‌లో నేను మాట్లాడిన ఒక తెలుగు అమ్మాయికి పుట్టుకతోనే కాలు సరిగా లేదు. తండ్రి మగ్గం కార్మికుడు. ఆమె కంప్యూటరు పని నేర్చుకుని వజ్రాల ప్లానింగ్ విభాగంలో చేరింది. పని బాగుందన్నది, జీతం పరవాలేదన్నది. ఏడు నెలలకు మానుకున్నది. "బస్సెక్కలేను సార్. ఆటోకే జీతంలో మూడోవంతు పోతుంది. లిఫ్టు చెడిపోయిన రోజున నాలుగంతస్తులు నాన్న మోసుకుని ఎక్కించేవాడు. ఎన్ని రోజులని మోస్తాడు?" అన్నది. ఆమె నైపుణ్యంలో లోపమేమీ లేదు. ఆమెకు ఇంటికీ కుర్చీకీ మధ్యనున్న దూరం అడ్డువచ్చింది. శిక్షణ ఇచ్చాము, పని ఇప్పించామని లెక్క రాసుకునే శాఖ పుస్తకంలో ఆమె విజయంగానే మిగిలివుంటుంది.

ఇక మరమగ్గాల సంగతి దీనికి విపర్యయం. వజ్రాల పరిశ్రమ వికలాంగులకు అనువైనది కాగా, మగ్గాల పరిశ్రమ వికలాంగులను తయారు చేస్తుంది. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్‌కు మించిన మోత కూడదన్నది ఫ్యాక్టరీల నిబంధన. నాడె కొట్టే మగ్గాల షెడ్డులో మోత ఆ హద్దు దాటుతుంది. పని తరచు పన్నెండు గంటలు. సిరిసిల్ల ప్రాంతం నుంచి వెళ్ళి ఇరవైరెండేళ్ళుగా అక్కడ మగ్గం నడిపిన ఒకాయన పాండేసరా దగ్గర నాతో ఇలా అన్నాడు: "మగ్గం బందయినంక గూడ చెవులల్ల మోత ఆగది సారూ. సేటు పిలిస్తే ఇనపడదు. ఇనపడనోనికి పని ఎవలిస్తరు?" ఆయన మాటకు నేను గట్టిగా జవాబు చెప్పవలసి వచ్చింది, మామూలుగా చెబితే ఆయనకు వినపడదు గనుక. చెప్పడానికి మాత్రం నా దగ్గర పెద్ద జవాబేమీ లేదు.

చట్టం దగ్గర ఉన్నదా? మోతవల్ల వచ్చే చెవుడు 1948 ఫ్యాక్టరీల చట్టం మూడవ షెడ్యూలులో, ప్రభుత్వానికి తెలియపరచి తీరవలసిన వృత్తివ్యాధుల పట్టికలో ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లోనూ అది కొనసాగింది. నష్టపరిహారానికీ శాసనంలో దారి ఉంది. కాని ఆ చెవుడును కొలిచేదెవరు? ముక్కకింత, మీటరుకింత అని కూలి తీసుకునేవాని పేరు ఏ హాజరు పుస్తకంలో ఉంది? వికలాంగుల చట్టంలో మరొక వింత ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవానిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు అని 20వ సెక్షను నాలుగవ ఉపసెక్షను చెబుతుంది. ఆ రక్షణ ప్రభుత్వ సంస్థలలో పనిచేసేవారికే. గుమాస్తాకు చెవుడు వస్తే ఉద్యోగం నిలుస్తుంది. మగ్గం కార్మికునికి మగ్గమే చెవుడు తెచ్చిపెట్టినా నిలువదు. ప్రమాదం ఎక్కువున్న చోట రక్షణ తక్కువ, ప్రమాదం తక్కువున్న చోట రక్షణ ఎక్కువ. సభలో ఈ ఉపసెక్షనును ఎవరైనా ఒక్కసారి నిలబడి చదివివుంటే ఈ తలకిందుల న్యాయం కంటపడక మానదు.

ప్రయివేటు రంగాన్ని ప్రోత్సహించే ప్రయత్నం అసలే జరగలేదని చెప్పలేము. 2007 ఫిబ్రవరి 28న బడ్జెటు ప్రసంగంలో అప్పటి ఆర్థికమంత్రి చిదంబరం ఒక పథకం ప్రకటించారు. నెలకు 25,000 రూపాయల వరకు జీతంతో వికలాంగుని నియమించుకున్న యజమాని తరఫున భవిష్యనిధికి, ఇ.ఎస్.ఐ.కి చెల్లించవలసిన వాటాను మొదటి మూడేళ్ళు కేంద్రమే భరిస్తుంది. ఏటా లక్ష ఉద్యోగాలు లక్ష్యం. 2008 ఏప్రిల్ 1న పథకం ఆరంభమయింది. లక్ష్యం దరిదాపులకు కూడా అది పోలేదు.

కారణం వెదకడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. భవిష్యనిధి వాటాలో రాయితీ ఇస్తామంటే, ఆ వాటా చెల్లించే యజమానికే అది ఆకర్షణ. సూరత్ మగ్గాల షెడ్లలో, చిన్న సానపట్టు గదులలో ముక్కకూలీ పద్ధతి. అక్కడ యజమాని అసలు వాటాయే చెల్లించడు. చెల్లించని సొమ్మును తిరిగి ఇస్తామంటే సంతోషించేదెవరు? చెల్లించే పెద్ద సంస్థకేమో ఆ కొద్ది రాయితీ ఒక లెక్కలోది కాదు. దానికి కావలసినవి ర్యాంపు, లిఫ్టు, సంజ్ఞాభాష తెలిసిన సూపర్‌వైజరు. వాటి ఖర్చును ఈ పథకం ముట్టుకోలేదు. ఈ విధంగా పెద్దవానికి అవసరం లేనిదీ, చిన్నవానికి అందనిదీ అయిన రాయితీని ఖజానా ఉదారంగా ప్రకటించింది.

తక్కిన ఏర్పాట్లూ పైమెట్టు మీదనే ఆగిపోయాయి. ఇరవైమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి ప్రయివేటు సంస్థ వికలాంగులకు తగిన పనులేవో పేర్కొంటూ సమానావకాశ విధానం ప్రకటించాలి, ఒక సంధాన అధికారిని నియమించాలి. స్టాక్ మార్కెట్‌లోని మొదటి వెయ్యి కంపెనీలు తమ వికలాంగ సిబ్బంది సంఖ్యను ఏటా వెల్లడించాలని సెబీ 2022–23 నుంచి తప్పనిసరి చేసింది. మంచిదే. కాని పదిహేను మగ్గాల షెడ్డు స్టాక్ మార్కెట్‌లో ఉండదు; ఇరవైమందీ ఒకే పేరు కింద ఉండరు.

ఇక న్యాయస్థానాలు శాసనసభలకన్న ముందు నడుస్తున్నాయనడంలో సందేహం లేదు. రిజర్వేషనును మొత్తం ఖాళీలపై లెక్కించాలని 2013 అక్టోబరు 8న సుప్రీంకోర్టు తేల్చింది. భవనాలు, రవాణా, సమాచారం వికలాంగులకు అందుబాటులో ఉంచే ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి కావాలని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో చెప్పి, కేంద్రానికి మూడు నెలల గడువు ఇచ్చింది. ఆ కేసులో కోర్టు ఆధారం చేసుకున్న నివేదిక హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం వైకల్య అధ్యయన కేంద్రం తయారు చేసినది కావడం తెలుగువారు గర్వించదగిన విషయం. అంధులను న్యాయాధికారి పదవులకు అనర్హులనడం చెల్లదని 2025 మార్చి 3న మరొక తీర్పు వచ్చింది. జడ్జి కుర్చీకి అంధత్వం అడ్డుకానప్పుడు, వజ్రం ఏరే కుర్చీకి చెవుడు ఎట్లా అడ్డవుతుందో ఎవరైనా వివరించాలి.

ప్రతిభకు మార్గం దొరికితే ఏమవుతుందో చెప్పడానికి మనవారి ఉదాహరణలే చాలు. ఊతకర్రల సాయంతో నడిచే సూదిని జైపాల్‌రెడ్డి సభలో లేచి నిలబడితే ఆయన ఇంగ్లీషు విందామని గ్యాలరీలో మేము కలాలు ఆపేవాళ్ళం. 1998 సంవత్సరానికి ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం ఆయనకు వచ్చింది. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో అంధుడుగా పుట్టిన శ్రీకాంత్ బొల్లా పదవ తరగతి తరువాత సైన్సు చదవడానికే కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది; అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి వచ్చి 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. 2024లో ఆయన జీవితం హిందీ సినిమా అయింది. ఇవి ఉత్తేజకరమైన కథలే. కాని ఒక్కడు ఎవరెస్టు ఎక్కినంత మాత్రాన ఊళ్ళో రోడ్డు వేసినట్లు కాదు. అసాధారణుడే బతకగల ఏర్పాటు న్యాయమైన ఏర్పాటు కాదు. సామాన్యమైన తెలివి, సామాన్యమైన ధైర్యం ఉన్న వికలాంగుడు సామాన్యమైన ఉద్యోగం చేసుకుని బతకగలిగిననాడే చట్టం నెగ్గినట్లు.

గిరాకీ ఉన్న పరిశ్రమలకు వికలాంగులను చేర్చాలనేటప్పుడు ఒక హెచ్చరిక కూడా చేయక తప్పదు. గిరాకీ శాశ్వతం కాదు. రష్యా వజ్రాలపై జి–7 దేశాల నిషేధం 2024లో ఆరంభమయింది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. సూరత్‌లో సానపట్టే పళ్ళేలు ఎన్నో ఆగాయి. పరిశ్రమ తుమ్మితే ముందు ఊడేది కష్టపడి కుర్చీ సంపాదించుకున్నవాడే. కనుక ఒకే యంత్రానికి కట్టివేసే శిక్షణ వలదు. కంప్యూటరు మీద వజ్రం ప్లానింగ్ చేయగలిగినవానికి వస్త్రాల డిజైనింగు, యంత్రభాగాల నమూనాల పనీ అందేటట్లు శిక్షణ ఇవ్వాలి. సంజ్ఞాభాషకు 2015లో ఢిల్లీలో జాతీయ సంస్థ ఏర్పడింది, పదివేల పదాల నిఘంటువు వచ్చింది. ఆ భాష ఐ.టి.ఐ. తరగతి గదిలోకి, ఫ్యాక్టరీ అంతస్తుపైకి ఇంకా రావలసివుంది.

ఇవన్నీ చూచిన మీదట నాకు తోచినవి నాలుగు. ప్రోత్సాహకాన్ని భవిష్యనిధి వాటా నుంచి విడదీసి, ర్యాంపు, లిఫ్టు, రవాణా, సంజ్ఞాభాష ఖర్చులకు, ఏడాది దాటి పనిలో నిలిచిన ప్రతి మనిషికి ముడిపెట్టాలి. ఇరవైయవ సెక్షను రక్షణను, వృత్తి కారణంగానే వైకల్యం పొందిన ప్రయివేటు కార్మికునికి కూడా వర్తింపజేయాలి. మగ్గాల వాడలలో ఏటా వినికిడి పరీక్షలు జరిపి, చెవి పోతున్నవానికి పూర్తిగా పోకముందే వేరే పని నేర్పాలి. పాండేసరా మోతలో చెవి పోగొట్టుకున్నవానికి నాలుగు మైళ్ళ దూరంలో చెవితో అవసరం లేని పరిశ్రమ ఉన్నప్పుడు ఇది గొంతెమ్మ కోరిక కాదు. చివరిది వలస సమస్య. సూరత్ తెలుగు కార్మికుడు తెలంగాణ పింఛనుకు దూరమయ్యాడు, గుజరాత్ పథకాలకు దగ్గర కాలేదు. నివాస రుజువు లేదన్న ఒక్క కారణంతో వైకల్య ధ్రువపత్రం ఆగిపోకుండా రెండు ప్రభుత్వాలూ కూర్చుని ఒక ఏర్పాటు చేసుకోవాలి.

వీటిలో మొదటి రెండూ పార్లమెంటు చేయవలసినవి. వాటికి కొత్త డబ్బు కన్న కొత్త పట్టుదల ఎక్కువ అవసరం. తెలుగు సభ్యులు పార్టీల కతీతంగా ఒక్క ప్రశ్న వేస్తే చాలునని నా అభిప్రాయం. 35వ సెక్షను కింద ఇన్నేళ్ళలో ఏ పరిశ్రమలో, ఏ జిల్లాలో, ఎంతమంది ప్రయివేటు ఉద్యోగంలో చేరారు, ఏడాది తరువాత ఎంతమంది మిగిలారు? మంత్రిగారు పథకాల పట్టిక చదవబోతే లేచి అడ్డుపడాలి. ఈ ఒక్క విషయంలో సభలో కొంత కలహం జరిగితే దేశానికి మేలే జరుగుతుంది.